గుంజలకు ఇవతల

ముందు ఆ రోడ్డు సంగతి చెప్పాలి. గుట్ట మీంచి తిన్నగా దిగి వస్తుంది. సరిగ్గా పెద్దాఫీసు ఎదుటికి వచ్చాక ఏదో మరిచిపోయి గుర్తొచ్చినట్టు ఒక్కసారిగా ఎడమకు తిరిగిపోతుంది. అక్కడ తిరగలేని బండి ఏదైనా ఉంటే దానికి ఆఫీసు మెట్లెక్కడం తప్ప గతిలేదు. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసినా ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అప్పటిదాకా వచ్చిన బళ్ళన్నీ తిరిగాయి.

మలుపుకూ మెట్లకూ మధ్య రాతిపలకలు పరిచిన విశాలమైన జాగా ఉంది. రోడ్డు అంచున, కాలిబాట మీద, వరసగా కొందరు కూర్చునేవారు. తాళాలు చేసే ఆయన, గొడుగులు బాగుచేసే ఆయన, చెప్పులు కుట్టే ముసలాయన, పళ్ళమ్మే మనిషి. వాళ్ళ మధ్యలో ఒక కుట్టుమిషను, దాని వెనక ఒకామె. అందరూ ఆమెను మిషనమ్మ అనేవారు. తాళాలాయన ఆమె మొగుడు. పెద్దాఫీసుకు పని మీద వచ్చేవాళ్ళు గుండీ ఊడిందనో, జిప్పు చెడిందనో ఆమె ముందు నిలబడేవారు. లోపల సంతకం అయ్యేలోగా బయట చొక్కా అయిపోవాలన్నది ఆమె పట్టుదల. ప్రతిసారీ చొక్కానే ముందు అయ్యేది. సంతకానికి మర్నాడు రమ్మనేవారు.

ఒకరోజు నీలంరంగు దారం అయిపోయింది. సందు చివరి కొట్టుకు వెళ్ళి తెస్తానని లేచింది.

"మిషను చూస్తూండు" అంది మొగుడితో.

"రెక్కలొచ్చి ఎగిరిపోతుందా?" అన్నాడతను, ఆకురాయితో తాళంచెవి అరగదీస్తూ, తలెత్తకుండానే.

ఆమె దారం రంగు సరిచూసుకుంటుండగా చప్పుడు వినబడింది. ఏదో గోడ కూలిందనుకుంది. తిరిగొచ్చేసరికి సిమెంటు లారీ ఒకటి ఆఫీసు మెట్ల మీద ముందుకాళ్ళు పెట్టిన ఎద్దులా నిలబడి ఉంది. వసారా స్తంభం ఒకటి విరిగింది. మిషను తలకిందులై పడుంది. దాని పక్కన ఆమె మొగుడు ఉన్నాడు, పళ్ళమ్మే మనిషి ఉంది. ఇద్దరిలోనూ ప్రాణం లేదు.

చెప్పులు కుట్టే ముసలాయన వరస చివర్న ఉండి తప్పించుకున్నాడు. గొడుగులాయన కూడా బతికాడు. హారన్ మోత విని వెనక్కి, మెట్ల పక్కకు పరిగెత్తాడు. అతను, తాళాలాయన చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఆమెను చెల్లెమ్మా అనేవాడు.

"చెయ్యి పట్టుకుని లాగాను చెల్లెమ్మా. వదిలించుకున్నాడు. మిషను, మిషను అంటూ దాన్ని పట్టుకోబోయాడు" అని చెప్పాడు మూడోనాడు, ఇంట్లో అత్తాకోడళ్ళ ముందు కూర్చుని.

అత్తగారు, "ఊరందరి తాళాలూ తీసిపెట్టాడు. పైవాడి తాళంచెవి కూడా పోయినట్టుంది, కబురంపాడు" అంది. ఆ మాటన్నాక రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

మిషనమ్మ ఆ మిషనునే సొట్టలు తీయించి మళ్ళీ అక్కడే పెట్టుకుంది. వేరే చోట ఆమెను ఎరిగినవాళ్ళు లేరు. గుట్ట మీంచి హారన్ వినబడితే చాలు, తొక్కుడుబల్ల మీద కాలు ఆగిపోయేది. దారం తెగేది. ఇలా కాదనుకుని, ఒక ఉదయం, కుట్టాల్సిన బట్టలు పక్కన పెట్టి పెద్దాఫీసు మెట్లెక్కింది. లారీ రాకుండా ఏదైనా అడ్డం పెట్టమని అడిగింది. ఇది మా శాఖ కాదన్నారు. రెండో శాఖవాళ్ళు మూడో శాఖను చూపించారు. చెప్పులరిగేలా తిరిగింది. గొడుగులాయన పని మానుకుని తోడొచ్చేవాడు. బయట బెంచీ మీద కూర్చుని, "వీళ్ళ చుట్టూ తిరిగే బదులు ఆ లారీ చుట్టూ తిరిగినా ఈపాటికి వరమిచ్చేది" అని నవ్వించేవాడు.

చివరికి రోడ్ల శాఖలో ఒక ఇంజనీరమ్మ కూర్చోమంది. చిన్న గది. బల్ల నిండా చుట్టలు చుట్టిన పటాలు, వాటి మీద ఎగిరిపోకుండా ఒక నీళ్ళసీసా. ఇంజనీరమ్మ చెప్పేదంతా విని కంప్యూటరు తెర ఇటు తిప్పింది.

ఖాళీ మైదానంలో వరసగా ఉక్కు గుంజలు. దూరం నుంచి లారీ దూసుకొచ్చింది. గుంజల్ని గుద్దింది. లారీ ముందుభాగం కాగితంలా నలిగి, వెనకభాగం గాల్లోకి లేచి, కింద పడింది. గుంజలు ఉన్నచోటే ఉన్నాయి.

"డ్రైవరో?" అంది మిషనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"మనిషి కాదమ్మా, బొమ్మ. ఇది పరీక్ష. ఎంత బరువు బండి, ఎంత వేగం, గుద్దాక ఎంత దూరం లోపలికి చొచ్చుకొచ్చింది, అన్నీ కొలుస్తారు. నెగ్గినవాటినే ఇలాంటి చోట పెట్టాలి. బజార్లో చూడ్డానికి ఇలాగే ఉండే గుంజలు చాలా ఉంటాయి. అవి కార్లు నిలపకుండా ఆపుతాయి గానీ లారీని ఆపవు."

"ఇవెలా ఆపుతాయి?"

"పైకి కనబడేది నడుం ఎత్తే. అసలు బలం భూమిలో ఉంటుంది. కింద ఇనుప పంజరం కట్టి, అన్నిటినీ కలిపి కాంక్రీటు పోస్తాం. ఒకదానికి దెబ్బ తగిలితే పక్కవన్నీ కలిసి పంచుకుంటాయి."

"అయితే మనుషుల కంటే నయమే" అంది మిషనమ్మ. తెర వైపే చూస్తూ, "ఇంకోసారి వేస్తారా?" అని అడిగింది.

ఇంజనీరమ్మ మళ్ళీ వేసింది. లారీ మళ్ళీ వచ్చి మళ్ళీ ఆగిపోయింది. మిషనమ్మ మరోసారి అడిగింది. ఆగిపోయిన ప్రతిసారీ ఆమె గుండెలో ఏదో ముడి కొంచెం సడలినట్టయింది. ఇంజనీరమ్మ విసుక్కోలేదు.

ఎన్నాళ్ళకో మంజూరైంది. ఆమె అడిగినందుకే ఇచ్చారని అందరూ అన్నారు. ఆమె కూడా నమ్మింది. ఆ విరిగిన స్తంభాన్ని రోజూ కారులోంచి చూస్తున్న పెద్దాఫీసరు, ఈసారి లారీ వస్తే తన గది గోడకే వస్తుందని భయపడ్డ సంగతి ఆమెకు తర్వాతెప్పుడో తెలిసింది.

పని మొదలుపెట్టేటప్పుడు వరసలో కూర్చునేవాళ్ళందర్నీ లేవమన్నారు. చెప్పులు కుట్టే ముసలాయన మొండికేశాడు. "ఒకసారి లేస్తే మళ్ళీ కూర్చోనిస్తారా? గుడారంలో ఒంటె దూరిన సామెత అవుతుంది" అన్నాడు.

"నాదీ పూచీ. మన కోసమే కదా తాతా ఇదంతా" అంది మిషనమ్మ. ఆమె మొగుడు పోయిన చోటు అది. ఆ మాట కాదనలేక అందరూ లేచి పక్కసందులోకి వెళ్ళారు. అప్పటి నుంచి ఆమెకు ఇంకో పేరు కూడా వచ్చింది. గుంజలమ్మ అన్నారు. అందులో వెక్కిరింత కొంచెం, మర్యాద కొంచెం.

రోడ్డు అంచున గీత గీసి తవ్వకం మొదలుపెట్టారు. నాలుగోనాటికి పని ఆగింది. అక్కడ కింద ఊరికంతటికీ నీళ్ళిచ్చే పెద్ద గొట్టం పోతోంది. దాని పక్కనే కరెంటు తీగలు. ఇంజనీరమ్మ గోతి అంచున తలపట్టుకుని నిలబడింది.

"గీత వెనక్కి జరపాలి. మీ కాలిబాటకి వెనగ్గా వస్తాయి గుంజలు" అంది మిషనమ్మతో.

"అంటే మేం ముందా?"

"మీరంతా గుంజల లోపలికి జరిగి కూర్చోవాలి. రాతిపలకల మీద చోటు బోలెడుంది. ఆఫీసరుగారితో మాట్లాడాను, చూద్దామన్నారు."

చూద్దామంటే సరేనన్నట్టే అనుకుంది మిషనమ్మ. వెళ్ళి సందులోవాళ్ళతో, "లోపలే కూర్చుంటాం. నీడ కూడా ఉంటుంది" అని చెప్పింది.

గుంజలు లేచాయి. ఒక్కోటి మనిషి నడుమంత ఎత్తు. కడిగిన గిన్నెల్లా మెరిసేవి. ప్రారంభం రోజున రిబ్బను కత్తిరించడానికి మిషనమ్మను పిలిచి కత్తెర చేతికిచ్చారు. "కత్తెర నీకు అలవాటేగా అమ్మా" అన్నాడు పెద్దాఫీసరు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఫొటోలో ఆ నవ్వే పడింది.

మర్నాడు పొద్దున్నే మిషను మోయించుకుని గుంజల మధ్యనుంచి లోపలికి వెళ్ళి, ఒక మూల దించుకుంది. గొడుగులాయన పక్కన తన గోనె పరిచాడు. కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, లోపల కుదరదు. ఆర్డరు."

"ఎవరిది?"

అతను పైకి చూపించాడు. ఆమె పైకెళ్ళింది. పెద్దాఫీసరు కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు.

"ఇదంతా ఇప్పుడు రక్షిత ప్రదేశం అమ్మా. ఇక్కడ జనం మూగితే రక్షణకి అర్థం ఏముంది? లోపల వ్యాపారాలు కుదరవు."

"మరి మేం ఎక్కడ కూర్చోవాలండీ?"

"ఎప్పుడూ కూర్చునే చోటే. ఎవరు వద్దన్నారు?" అన్నాడు పెద్ద మనసు చేసుకుంటున్నట్టు.

"అక్కడ గుంజలు మా వెనక ఉన్నాయి బాబూ."

"వెనక అండ ఉండటం మంచిదేగా."

దానికి జవాబు మెట్లు దిగుతుంటే తోచింది గానీ అప్పటికి తలుపు వేసేశారు.

సందులో గిరాకీ లేదు. ఆకలి ఎవర్ని ఆగనిస్తుంది? ఒక్కొక్కరే వచ్చి పాతచోటనే, రోడ్డుకూ గుంజలకూ మధ్య ఇరుకు కాలిబాట మీద కూర్చున్నారు. ఇదివరకు వెనక ఖాళీ జాగా ఉండేది. ఇప్పుడు వీపుకు ఉక్కు తగులుతోంది. చెప్పులు కుట్టే ముసలాయన మిషనమ్మ ముందే ఉమ్మేసి, "అడిగి మరీ తెచ్చిపెట్టావు" అన్నాడు.

గొడుగులాయన అడ్డం వచ్చాడు. "ఆమెనంటే ఊరుకోను తాతా. ఆమె అడిగింది ఒకటి, వాళ్ళిచ్చింది ఒకటి. అయినా నాకైతే బాగానే ఉంది. ఇన్నేళ్ళకి వీపు ఆనించుకోడానికి ఒకటి దొరికింది" అంటూ గుంజకు జారగిలబడి కాళ్ళు చాపాడు.

"అలా కూర్చోకు అన్నయ్యా" అంది మిషనమ్మ.

"ఎలా కూర్చుంటే ఏమిటి చెల్లెమ్మా? వచ్చేదేదో వస్తే కూర్చున్న తీరు చూసి వస్తుందా?"

ఇంజనీరమ్మ ఒకసారి వచ్చింది. వాళ్ళు కూర్చున్న తీరు చూసి ముఖం నల్లబడింది. అక్కణ్ణుంచే పైకెళ్ళింది, చాలాసేపటికి దిగింది. "వీళ్ళని లోపలికైనా రానివ్వండి, లేదా మంచి చోటు చూపించి అక్కడికైనా పంపండి, ఇలా మాత్రం ఉంచకండి అన్నాను. ఆలోచిస్తామన్నారు" అంది. కొన్నాళ్ళకు ఆమెను వేరే ఊరి పనికి వేశారని తెలిసింది.

ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం వేళ, నీళ్ళ క్యాన్లు వేసుకున్న వ్యాను గుట్ట దిగింది. దాని డ్రైవరుకు చక్కెర జబ్బు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదట. మలుపు దగ్గరికి వచ్చేసరికి స్టీరింగు మీద తల వాల్చేశాడు. హారన్ కూడా మోగలేదు.

వరసకు ఒక చివర ఉన్న మిషనమ్మ తలెత్తి చూసింది. "అన్నయ్యా!" అని అరిచింది. గొడుగులాయన ఒళ్ళో విప్పిన గొడుగుంది. దాన్ని పక్కకు తోసి లేచాడు. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు. వెనక గుంజ ఉంది. దానికీ పక్క గుంజకూ మధ్య ఖాళీలోంచి దూరబోయాడు. నడుం దాటింది, కాళ్ళు దాటలేదు.

వ్యాను ఆగింది. తెరమీద చూపించినట్టే ముందుభాగం నలిగి, వెనకభాగం లేచి పడింది. క్యాన్లు పగిలి నీళ్ళు రాతిపలకల మీద పారాయి. డ్రైవరు పళ్ళు రెండు ఊడాయి, బతికాడు. లోపల మెట్ల మీద వరసలో నిలబడ్డవాళ్ళలో ఒక్కరికీ గీటు కూడా పడలేదు. గుంజ ఉన్నచోటే ఉంది. దాని మీద వ్యాను రంగు కొంచెం అంటుకుంది, అంతే.

ఆస్పత్రిలో గొడుగులాయనకు రెండు కాళ్ళూ మోకాలి పైకి తీసేశారు.

మర్నాటి పేపర్లలో గుంజ ఫొటో వేశారు. ఎక్కడెక్కడి నుంచో నిపుణులు వచ్చి దాన్ని తట్టి, కొలిచి, మెచ్చుకుని వెళ్ళారు. మెట్ల మీద ప్రాణాలెన్ని దక్కాయో పెద్దాఫీసరు విలేఖరులకు చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. నిజంగానే దక్కాయి. ఒక పసిపిల్లను ఎత్తుకున్న తల్లి మిషనమ్మ దగ్గరికొచ్చి, చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా. "మీరే అడిగి పెట్టించారట. మీ కడుపు చల్లగా" అంది. మిషనమ్మ చేతులు విడిపించుకుని ఆ పిల్ల గౌను గుండీ సరిగ్గా పెట్టింది.

ఊళ్ళో మరికొన్ని చోట్ల ఇలాంటి గుంజలే పెడతామంటూ సభ ఏర్పాటు చేశారు. దీనికంతటికీ మూలం మీరేనని, రెండు మాటలు మాట్లాడాలని మిషనమ్మకు కబురొచ్చింది.

"వెళ్ళనత్తయ్యా" అంది.

"వెళ్ళు. ఇంట్లో కూర్చుని గోడలకి చెప్పేకంటే అక్కడి గోడలకి చెప్పు. కనీసం అక్కడ మైకుంటుంది" అంది అత్తగారు.

వెళ్ళింది. మైకు ముందు నిలబడగానే మాట ఒక్కపెట్టున వచ్చేసింది.

"నేను గుంజలు అడగలేదండీ. మనుషులు చావకుండా చూడమన్నాను. మీరు పెట్టిన గుంజలు గట్టివి. వాటికి నేను వంక పెట్టను. కానీ వాటికి ముందు మమ్మల్ని కూర్చోబెట్టారు. మా ఆయన పోయినప్పుడు మా అన్నయ్య పరిగెత్తి బతికాడు. ఈసారి పరిగెత్తడానికి చోటు లేకుండా చేసింది నేను. నేనూ మీరూ..."

అక్కడికి ఏడుపొచ్చి ఆగిపోయింది. ఆగిందో లేదో, చప్పట్లు మొదలయ్యాయి. ముందువరసలో ఉన్నవాళ్ళు కళ్ళొత్తుకుంటూ లేచి నిలబడి మరీ కొట్టారు. ఎవరో శాలువా కప్పారు. పెద్దాఫీసరు మైకు తీసుకుని, సోదరి ఆవేదన మనందరి హృదయాల్నీ కదిలించిందని, అందుకే ఈ పథకాన్ని ఊరంతా విస్తరిస్తున్నామని చెప్పాడు. మళ్ళీ చప్పట్లు.

బయట గేటు దగ్గర ఇంజనీరమ్మ నిలబడి ఉంది. సభ సంగతి తెలిసి వచ్చిందట. లోపలికి రాలేదు.

"నేను వద్దన్నానని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను" అంది. "ఆ మాట ఎవరికీ కాళ్ళు తేలేదు."

"మీరు కనీసం చెప్పారు. నేను కత్తెర పట్టుకుని నవ్వాను" అంది మిషనమ్మ.

బస్సు వస్తే ఇంజనీరమ్మ ఎక్కి వెళ్ళిపోయింది.

సభ అయిన వారంలోనే వరసలో కూర్చునేవాళ్ళను భద్రత దృష్ట్యా అక్కణ్ణుంచి శాశ్వతంగా ఖాళీ చేయించారు. ఆఫీసు వెనక, చెత్తడబ్బాల పక్కన చోటు చూపించారు. చెప్పులు కుట్టే ముసలాయన ఒక్కరోజు కూర్చుని, మర్నాటి నుంచి రావడం మానేశాడు. ఆఫీసు ముందు భాగం ఇప్పుడు అద్దంలా ఉంది. గుంజల చుట్టూ పూలకుండీలు పెట్టారు.

గొడుగులాయన ఇంటికి వచ్చాడని తెలిసి మిషనమ్మ వెళ్ళింది. రెండుసార్లు అతని భార్య గుమ్మంలోనే, "పడుకున్నారు వదినా" అని పంపేసింది. మూడోసారి లోపల్నుంచి అతనే రమ్మన్నాడు.

మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. దుప్పటి మోకాళ్ళు ఉండాల్సిన చోట పల్లంగా ఉంది. ఆమె అటు చూడకూడదనుకుంటూ అటే చూసింది.

"చెల్లెమ్మా, ఒక మాట చెప్తాను, ఏమనుకోకు" అన్నాడు. నవ్వించే గొంతు కాదది. "నీ తప్పేం లేదని నాకు తెలుసు. తెలిసినవాడెవడికైనా తెలుసు. నీ మీద పడ్డ తాతతో నేనే పోట్లాడాను. అయినా నువ్వు గుమ్మంలో కనబడగానే నాకు ఒళ్ళు మండుతోంది. ఎంత ఆపుకున్నా ఆగట్లేదు. నిన్ను ఏదైనా అనేస్తానేమోనని భయంగా ఉంది."

"అనన్నయ్యా. ఏదైనా అను."

"అంటే నీకు తేలికవుతుంది. నాకవదు." గోడవైపు తిరిగాడు. "ఇక రాకు."

ఆమె లేచింది. అతని భార్య గుమ్మం దాకా వచ్చి, మిషనమ్మ చెప్పులు తొడుక్కునేదాకా నిలబడింది.

మిషనమ్మ ఇంటి వసారాలోనే మిషను వేసుకుంది. చుట్టుపక్కల వాళ్ళ చిరుగులు, లంగాలకు నాడాలు, దిండు గలీబులు. "పెద్దాఫీసు గుమ్మం ముందు కూర్చున్నదానివి, ఇప్పుడు దిండ్లకి దొరసానివయ్యావు" అంటుంది అత్తగారు. కోడలు నవ్వితే తనూ నవ్వుతుంది. నవ్వకపోతే పక్కనే కూర్చుని సూదుల్లోకి దారం ఎక్కించబోయి, చూపు ఆనక, మళ్ళీ ఆమె చేతికే ఇస్తుంది.

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం గొడుగులాయన భార్య వచ్చింది. చంకలో ఒక మూట. విప్పితే నల్లటి గొడుగు గుడ్డలు, అంచులు చిరిగినవి.

"మంచం మీద కూర్చుని ఊచలు సరిచేస్తున్నారు. గుడ్డ కుట్టబోతే చేతులు వణుకుతున్నాయి" అంది. "నేనే తెచ్చాను వదినా. ఆయన పంపలేదు. నీ దగ్గరికి తెచ్చినట్టు చెప్పను కూడా చెప్పను."

"చెప్పకపోయినా కుట్టు చూస్తే తెలిసిపోతుంది" అంది మిషనమ్మ.

"తెలిస్తే తెలియనీ."

మిషనమ్మ గుడ్డలు కుట్టి ఇచ్చింది. గొడుగులాయన భార్య వారానికోసారి వచ్చి మూట ఇచ్చి, కుట్టినది పట్టుకుపోతుంది. అతను ఎవరి కుట్టని అడిగాడో లేదో ఆమె చెప్పదు. మిషనమ్మ కూడా అడగదు.